నిర్మాల్యం మొలిచిన తోట

మొన్న శనివారం ఉదయం మా వీధి మలుపులో, కాలిబాట అంచున, ఒక అట్టపెట్టె కనిపించింది. ఉచితం, కావలసినవారు తీసుకెళ్ళవచ్చని దానిమీద ఇంగ్లీషులో రాసి ఉంది. లోపల వేళ్ళతో సహా పెకలించిన మొక్కలు, వాటి మొదళ్ళకు అంటుకున్న తడి మట్టి. లేత ఆకుపచ్చ ఆకులు, అంచుల వెంట తెల్లటి చారలు. ఎవరైనా ముచ్చటపడి ఇంటికి తీసుకెళ్ళి నాటుకునేంత అందం. నేను వంగి ఒక ఆకు తుంచి, వేళ్ళ మధ్య నలిపి వాసన చూశాను. క్యారెట్ ఆకూ కొత్తిమీర కాడా కలిసినట్టుండే ఆ వాసన తగలగానే, పట్టపగలు నడివీధిలో నిలబడి, పాత శత్రువు ఎదురైన సంతోషంతో బిగ్గరగా నవ్వేశాను.

జ్ఞాపకాన్ని నేను సాక్ష్యంగా ఒప్పుకోను. ఎవరు ఏది చెప్పినా అది ఎలా తెలిసిందని అడగడమే నా ఉద్యోగం. అందువల్ల ఇక్కడ చెప్పబోయే సంగతుల్లో చాలావాటిని అమ్మను అడిగి సరిచూసుకున్నాను. రెండు చోట్ల ఆమెకూ నాకూ కుదరలేదు; అక్కడ ఆమె మాటనే ఉంచాను. వాసన విషయంలో మాత్రం ఎవరినీ అడగలేదు.

మా ఇల్లు కెనడాలోని హామిల్టన్‌లో, కొండ కింద ఉండేది. ఊరంతా దాన్ని కొండ అనేది గాని అది కొండ కాదు. ఊరి పొడుగునా నిలువునా లేచిన రాతి గోడ, ఎక్కితే పైన మళ్ళీ చదును నేలే. బడిలో ఈ సంగతి తెలిసిన నాటి నుంచి కనిపించిన ప్రతివారినీ నేను సరిదిద్దుతూ వచ్చాను. మోకాళ్ళు నొప్పెడితే అది కొండేనని నాన్నమ్మ తీర్పు చెప్పింది. ఆ ప్రమాణం కూడా తీసిపారేయదగ్గది కాదని ఇప్పుడనిపిస్తోంది.

అవి తెలుగు విద్యార్థులు వరదలా వచ్చిన సంవత్సరాలు; మా ఇంటి కింద అద్దెకుండే వాళ్ళందరూ నాకు అన్నలే. సెప్టెంబరు వచ్చిందంటే చాలు, మా బేస్‌మెంట్ తలుపు దగ్గర బూట్ల గుట్ట లేచేది. ఒక అన్న నిద్రలేచే వేళకు ఇంకో అన్న షిఫ్టు నుంచి వచ్చి అదే పరుపు మీద వాలిపోయేవాడు. మెట్ల సందులోంచి పైకి వచ్చే వాసనలతోనే కింద ఏం జరుగుతున్నదో నేను చెప్పగలిగేదాన్ని: ఇంగువ పోపు వస్తే ఎవరో సెలవులో ఉన్నారు, మాడిన అన్నం వస్తే రేపు పరీక్ష, సూట్‌కేసులో కారిన ఆవకాయ నూనె వాసన వస్తే కొత్త మనిషి దిగాడు. వాళ్ళ మాటల్లో అప్లై చేశా, రిజెక్ట్ అయింది, ఎక్స్‌టెన్షన్ వచ్చింది అన్న ముక్కలు మంత్రాల్లాగా వినిపించేవి. అర్థం తెలియకపోయినా ఏ మంత్రానికి అందరూ మౌనంగా ఉంటారో, ఏ మంత్రానికి బిర్యానీ వండుతారో నాకు కంఠతా వచ్చు. ఆ బిర్యానీ గిన్నె ఎంత పెద్దదంటే దాంట్లో నేను కూర్చోగలిగేదాన్ని. ఇది అతిశయోక్తి కాదు, ఒకసారి కూర్చున్నాను.

ఆ అన్నల్లో నాకు ఎక్కువ ఇష్టమైనవాడు వరంగల్ నుంచి వచ్చినవాడు. ఏదో కాలేజీలో సప్లయ్ చెయిన్ చదివేవాడు, నన్ను చెల్లె అని పిలిచేవాడు, నాన్నమ్మ ఏ పని చెప్పినా ఆమె మాట ముగిసేలోపే లేచి నిలబడేవాడు. ఈ కథకు బీజం ఆ చురుకుదనంలోనే ఉంది.

మా పెరటికి ఉత్తరాన చెక్క కంచె, కంచె అవతల ఒంటరిగా ఉండే ఒక ముసలావిడ. ఆమె పేరు పలకడం నాన్నమ్మకు కుదరక, తెల్లపువ్వులావిడ అని పిలిచేది. కంచె నీడలో ప్రతి మే నెలలో ఆమె మడి నిండా ట్రిలియం పూసేది: మూడు ఆకులు, వాటి మీద మూడు తెల్లటి రేకులు, కాగితంతో కత్తిరించి పెట్టినంత శుభ్రంగా. ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైన ఆమె భర్త వాటిని విత్తనం నుంచి పెంచాడట. విత్తనం పువ్వు కావడానికి ఏడేళ్ళు పడుతుందని ఆమె అంటే నేను నమ్మక, లైబ్రరీకి వెళ్ళి చూశాను. ఏడు నుంచి పదేళ్ళని ఉంది; ఆవిడ తగ్గించే చెప్పింది. ఆయన మొదటి పూత చూశాడు. రెండో పూతకు లేడు. ఆ మడిలోకి ఆవిడ మనవలను కూడా అడుగు పెట్టనిచ్చేది కాదు.

వినాయక చవితికి ముందురోజు నాన్నమ్మ ఇరవై ఒక్క పత్రాల పేర్లు ఏకరువు పెట్టి, వాటిలో హామిల్టన్‌లో దొరికేవి గరిక, కుండీలోని తులసి మాత్రమేనని తేలాక, మిగతావాటికి దొరికిన ఆకే దేవుడికి ఇష్టమని సర్దుకుంది. అన్నలతో కలిసి నేనూ పత్రి వేటకు బయలుదేరాను. కిరాణా సంచులు పట్టుకుని వెనక సందులన్నీ తిరిగాం. యాపిల్ ఆకు, ద్రాక్ష ఆకు, ఎర్రబడుతున్న మేపుల్ ఆకు. ఏది దొరికినా విజయధ్వానమే. కొండ మెట్ల దిగువన, ఎవరో ఎప్పుడో వదిలేసిన గ్యారేజీ పక్కన, తెల్లటి అంచుల ఆకు నేలంతా పరుచుకుని కనిపించింది. రంపపు పళ్ళ అంచు చూసి, నాన్నమ్మ చెప్పిన మాచీపత్రం ఇదేనని వరంగల్ అన్న ప్రకటించాడు. దేవుడి ఆకు వాడిపోకూడదని వేళ్ళతో సహా పీకి, తడిగుడ్డలో చుట్టి, పసిబిడ్డను మోసినట్టు మోసుకొచ్చాడు. అది మాచీపత్రం కాదని నేను తరువాతెప్పుడో నిర్ధారించుకున్నాను. ఇక్కడివారు దాన్ని గౌట్‌వీడ్ అంటారు. గౌట్ అనే కీళ్ళవాతాన్ని తగ్గిస్తుందని ఆ పేరట. ఆ మాటకు నమ్మదగ్గ ఆధారం నాకు ఇంతవరకు కనిపించలేదు.

పూజ బ్రహ్మాండంగా జరిగింది. ఉండ్రాళ్ళ ఆవిరికి పొగ అలారం మోగింది. చివర నాన్నమ్మ మట్టి విగ్రహాన్ని రెండు చేతులా పట్టుకుని ఉత్తరం వైపు కొద్దిగా జరిపి, నీ చోటికి నువ్వు వెళ్ళి రా స్వామీ అంటూ ఉద్వాసన చెప్పింది. కొన్ని ఇళ్ళలో ఈశాన్యం వైపు జరుపుతారు; మా ఇంటి ఆచారం ఉత్తరం. తరువాత విగ్రహాన్ని బకెట్ నీళ్ళలో కరిగించారు. నిర్మాల్యాన్ని, అంటే పూజలో వాడిన పూలనూ పత్రినీ, చెత్తలో వేయకూడదు. ఎవరి కాలూ తగలని చోట, మొక్క మొదట్లో వేయాలి. మా పెరట్లో ఎవరి కాలూ తగలని చోటు ఒక్కటే ఉంది: కంచె పక్క లైలాక్ పొద కింద. వరంగల్ అన్న అక్కడ చిన్న గుంట తీసి, పత్రినంతా పరిచి, కరిగిన మట్టి నీళ్ళు పోసి, పైన మెత్తగా మట్టి కప్పాడు. ఒక మొక్కను నాటమని నిపుణుణ్ణి అడిగినా ఇంతకంటే చక్కగా నాటడు.

వసంతంలో మంచు కరగగానే లైలాక్ కింద తెల్లటి అంచుల ఆకులు గుంపుగా లేచాయి. నాన్నమ్మ ఆనందానికి హద్దు లేదు. మొలవనివ్వని దేశంలో స్వామి తనంతట తాను మొలిచాడని ఫోన్లో ఊరందరికీ చెప్పింది. వచ్చిన చుట్టాలకు కాఫీకి ముందు ఆ మొక్కను చూపించేవాళ్ళం. ఇక్కడితో ఆగితే బాగుండేది. వేసవిలో ఆమె దాన్ని పిలకలుగా విడదీసి కంచె పొడుగునా వరుసగా నాటింది. మిగిలిన పిలకలను పెరుగు డబ్బాల్లో పెట్టి, పసుపు కుంకుమలతో పాటు పేరంటాళ్ళకు పంచింది. రిచ్‌మండ్ హిల్‌కు ఒకటి వెళ్ళింది, వాటర్లూకు రెండు వెళ్ళాయి. ఒక మొక్క విస్తరణకు ఇంత పకడ్బందీ ఏర్పాటు నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

మరుసటి వసంతానికి కంచె వెంట నేల కనిపించలేదు. నాన్నమ్మ వేసిన ధనియాలు మొలవలేదు, పుదీనా లాంటి పుదీనాయే వెనక్కి తగ్గింది. ఒకరోజు తెల్లపువ్వులావిడ కంచె అవతలి నుంచి నన్ను పిలిచి, వంగమని సైగ చేసింది. పూసిన ట్రిలియానికి జానెడు దూరంలో, కంచె కింది సందులోంచి వచ్చిన లేత చిగురు ఒకటి తెల్లటి అంచుతో నిలబడి ఉంది. ఆవిడ కోప్పడలేదు. తన చేతులు ఇక తవ్వడానికి పనికిరావనీ, ట్రిలియం వేళ్ళను కదిలిస్తే మళ్ళీ పూస్తాయో లేదో తెలియదనీ, ఆయన ఇక్కడే నాటాడనీ నెమ్మదిగా చెప్పి, లోపలికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మా ఇంట్లో సభ జరిగింది. అమ్మ పీకేయాలంది. అమ్మ ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసేది. పెరగకూడని చోట పెరిగేదాన్ని ఏం చేయాలో ఆమెకు సందేహం లేదు. నాన్నమ్మ ఒప్పుకోలేదు. పూజకెక్కిన ఆకు, తనంతట తాను మొలిచింది, దాని మీద పలుగు పెడితే చూస్తూ ఊరుకోనంది. వరంగల్ అన్న తెచ్చింది తానే కనుక తల వంచుకుని కూర్చున్నాడు. చివరికి లేచి, "నానమ్మా, గిది ఆకు కాదే, పగటి దొంగ. ఆవిడ ఇంట్లోకి దూరుతుంది," అన్నాడు.

"నోరు కడుక్కో ముందు," అంది నాన్నమ్మ. "స్వామి నెత్తిన పెట్టింది నువ్వే, దొంగ అనేది నువ్వేనా?"

పెద్దలు తేల్చుకునేలోగా నేను పరిశోధన మొదలుపెట్టాను. నా జీవితంలో అంతకంటే ఉద్రేకభరితమైన వారాలు లేవని నిస్సంకోచంగా చెప్పగలను. బేస్‌మెంట్‌లో ప్రతి అన్న దగ్గరా ఒక సిద్ధాంతం ఉంది. ఒకడు ఉప్పు నీళ్ళన్నాడు, ఒకడు వెనిగరన్నాడు, ఒకడు వేడి గంజి పోస్తే ఏదైనా చస్తుందన్నాడు. ఇళ్ళ తోటల్లో కలుపు మందులు కొట్టనివ్వని చోటు మాది, కాబట్టి వంటింటి మందులే గతి. తెల్లటి వేళ్ళను ముక్కలు చేసి పెరుగు డబ్బాల్లో పాతి, ఒక్కో డబ్బాకు ఒక్కో చికిత్స చేశాను. దేనికీ ఏమీ చేయని డబ్బా ఒకటి విడిగా ఉంచాలని ఎవరూ చెప్పకుండానే నాకు తోచింది. ఈ విషయంలో నాకు ఇప్పటికీ గర్వమే. వెనిగర్ పోసిన డబ్బాలో ఆకు మాడి, వారం తిరక్కుండా కొత్త చిగురు వేసింది. గంజి పోసినది మిగతావాటికంటే ఏపుగా పెరిగింది. ఉప్పు దాన్ని చంపిందిగాని అదే ఉప్పు ట్రిలియాన్నీ చంపుతుంది. నా గోరంత ముక్క కూడా మొలిచిన రోజున డబ్బా పట్టుకుని మెట్లు దిగి పరుగెత్తాను. నిద్రపోతున్న నలుగురినీ లేపి చూపించాను. అంటే పారతో తవ్వి ముక్కలు చేస్తే ఒకటి వందవుతుంది. వేరు ముక్కలన్నీ ఏరి తీయాలి, లేదా వెలుతురు అందకుండా కప్పెట్టాలి. శాస్త్రం సిద్ధంగా ఉంది. అనుమతి లేదు.

అనుమతి ఒక మధ్యాహ్నం దొరికింది. నాన్నమ్మ వెనక వరండాలో పీట వేసుకుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. వరంగల్ అన్న మెట్టు మీద టీ తాగుతున్నాడు. నాకు అప్పుడే ఒక ప్రశ్న తట్టింది.

"నాన్నమ్మా, పూజ అయ్యాక స్వామిని వెళ్ళి రమ్మన్నావు కదా?"

"అనకపోతే ఎట్లా? ఉద్వాసన చెప్పకుండా బకెట్లో వేస్తారటే ఎవరైనా?"

"మరి వెళ్ళాడా?"

"మంత్రం చెప్పాక వెళ్ళకుండా ఎట్లా ఉంటాడు?"

"అయితే ఆకులో ఇప్పుడు ఎవరున్నారు?"

అన్నకు టీ పొలమారింది. నాన్నమ్మ చేతిలో చిక్కుడుకాయ సగంలో ఆగింది. కంచె వైపు, ఆ తెల్లటి అంచుల వరుస వైపు చూసింది.

"ఈ లాయరు ప్రశ్నలు మీ అమ్మ నేర్పిందా?" అంది. తరువాత, తనలో తాను లెక్క తేల్చుకున్నట్టు, "స్వామి వెళ్ళాడు. మట్టి బొమ్మకు చెప్పాం, వెళ్ళింది. ఆకుకు మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పకుండా గుంటలో వేసి వచ్చాం. చుట్టమైనా అంతే, వెళ్ళి రమ్మని గుమ్మం దాకా సాగనంపకపోతే ఉండిపోతుంది," అంది.

ఆ తర్కంలో మొదటి వాక్యాన్ని ఒప్పుకుంటే తక్కినదాంట్లో తప్పు పట్టడం నాకు ఇప్పటికీ చేతకాదు.

మర్నాడు ఉదయం నాన్నమ్మ తలంటు పోసుకుని, పట్టుచీర మీద స్వెటర్ తొడుక్కుని, లైలాక్ కింద దీపం పెట్టింది. మొదటి గుబురును రెండు చేతులతో పట్టుకుని ఉత్తరం వైపు కొద్దిగా వంచి, వెళ్ళి రా తల్లీ అంది. తరువాత కొంగు దోపుకుని వెనక్కి తిరిగి, "ఊఁ, ఇంకేం చూస్తున్నారు? కానివ్వండి," అంది.

ఆ తరువాత జరిగింది పెళ్ళి ఇంటి సందడే. షిఫ్టు లేని ప్రతివాడూ వచ్చాడు. పార వద్దని నేను ఆజ్ఞాపించాను, తోటపని ఫోర్కుతో మట్టిని మెల్లగా పైకెత్తాలి. ఎత్తిన మట్టిని పాత దుప్పట్ల మీద పరిచి, అందరూ చుట్టూ గొంతుక్కూర్చుని, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు వేరు ముక్కలు ఏరారు. ఇది నాన్నమ్మ పద్ధతి. మట్టిని అరచేత్తో పల్చగా తోసి, తెల్లటి ముక్క కనిపించగానే చిటికెన వేలితో పక్కకు నెట్టేది. ఆమె దుప్పటి ముగిసేసరికి మా దుప్పటి సగం కూడా అయ్యేది కాదు. తన చెల్లి పెళ్ళికి కూడా ఇన్ని బియ్యం ఏరలేదని వరంగల్ అన్న మొత్తుకుంటే, అందుకే ఆ అన్నంలో రాళ్ళు వచ్చాయని ఇంకో అన్న ఎత్తిపొడిచాడు. తవ్వడానికి వీలుకాని చోట్ల, అన్నలు కొన్న పరుపుల అట్టపెట్టెలన్నీ విప్పి తడిపి పరిచి, పైన చెక్కపొట్టు వేశాం. కంచె అవతల ట్రిలియం మధ్యకు వచ్చిన చిగుళ్ళను మాత్రం ఎవరూ ముట్టలేదు. ఆవిడ నన్నొక్కదాన్నే ఆ మడిలోకి రానిచ్చింది. వేళ్ళు కదలకుండా, చిగురు కనిపించినప్పుడల్లా కత్తెరతో నేలమట్టానికి కత్తిరించడం నా పని. ఆ మడిలో చెప్పులు విప్పి అడుగుపెట్టినప్పుడు నా ఒళ్ళు గగుర్పొడిచింది. గుడిలో నాకు అలా ఎప్పుడూ జరగలేదు.

ఇంకా అడ్డుగోడ కావాలి. వేళ్ళు పైపైనే పాకుతాయి కాబట్టి, మూరెడు లోతున పలక దించితే దాటలేవని పుస్తకంలో ఉంది. ఏ పలక అని మేము తర్కించుకుంటుంటే ఆవిడ గ్యారేజీ తలుపు తెరిచింది. గోడకు ఆనించి పొడవాటి ఉక్కు రేకులు, మీద దుమ్ము. ఎందుకైనా పనికొస్తాయని ఆయన దాచినవట. వాటిని కంచె కింద నిలువునా దించాం. లైలాక్ మొదలు దగ్గర మూరెడు మేర రేకు చాలలేదు. అక్కడ అలాగే వదిలేశాం.

ఏరిన వేళ్ళ గుట్ట ఏం చేయాలన్నది చివరి చిక్కు. చెత్తలో వేయడానికి నాన్నమ్మ ఒప్పుకోదు, ఊరి పక్క సరస్సులో కలపడానికి నేను ఒప్పుకోను, ఎరువు గుంటలో వేస్తే మళ్ళీ మొలుస్తుంది. వరంగల్ అన్న లోపలికి వెళ్ళి బిర్యానీ గిన్నె మోసుకొచ్చాడు. పెరట్లో గ్యాస్ పొయ్యి మీద వేళ్ళన్నీ ఉడికించాం. వీధంతా క్యారెట్ సూపు వాసన. చల్లారాక ఆ నీళ్ళూ ఆ ముద్దా లైలాక్ మొదట్లోనే పోసింది నాన్నమ్మ. నిర్మాల్యం చెట్టు మొదటికి చేరింది, ఒక్క ముక్క కూడా ప్రాణంతో లేదు. ఆచారానికీ జీవశాస్త్రానికీ ఇంత చక్కటి రాజీ కుదరడం నేను మళ్ళీ చూడలేదు. అమ్మ ఆ గిన్నెను మళ్ళీ వంటింట్లోకి రానివ్వలేదు.

ఆ ఎండాకాలం చివర వరంగల్ అన్నకు వాటర్లూలో ఉద్యోగం దొరికింది. చలికాలమంతా ఫోన్ చేసినప్పుడల్లా అందరి క్షేమం అడిగాక గొంతు తగ్గించి, "చెల్లె, పువ్వులొచ్చినాయా?" అనేవాడు. మంచులో పువ్వులేమిటని నేను కసిరేదాన్ని. మే నెలలో ఒక ఉదయం, బడికి వెళ్ళే ముందు, కంచె అవతల తెల్లగా కనిపించింది. నేను ఫోన్ దగ్గరకు పరుగెత్తేలోపు ఆవిడే తలుపు తట్టింది. నాన్నమ్మ చేయి పట్టుకుని తన పెరట్లోకి తీసుకెళ్ళింది. ఒకరి భాష ఒకరికి రాదు. నాన్నమ్మ చెప్పులు గేటు దగ్గరే విప్పింది.

ఉక్కు రేకు వల్లనే పూలు దక్కాయా అని శాస్త్రం అడుగుతుంది. ఆ సంవత్సరం కంచె అంతటా ఒక్క చోటే గౌట్‌వీడ్ అవతలికి దాటింది: రేకు చాలని ఆ మూరెడు మేర. నాకు అంతకంటే మంచి రుజువు అక్కర్లేదు.

ఇప్పుడు ఆ ఇల్లు ఎవరిదో. విద్యార్థుల వరద తీసింది, బేస్‌మెంట్ల దగ్గర బూట్ల గుట్టలు లేవు, పత్రి కోసం సందులు తిరిగే గుంపులు లేవు. మొన్నటి అట్టపెట్టెలోని మొక్క నాన్నమ్మ పంచిన వంశానిదేనా అంటే ఆధారం లేదు, కాదనడానికీ లేదు. ఎవరూ నాటకముందే పెట్టె మొత్తం ఇంటికి మోసుకొచ్చాను. కలుపు మొక్కలు ఇంటికి తేవడమేమిటని మా అబ్బాయి ఇంగ్లీషులో అడిగాడు. అతనికి జవాబు చెప్పకుండా పెద్ద గిన్నెలో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టాను.

నీళ్ళు మరిగాయి. మొక్కలు వేయబోతూ ఆగి, పెట్టెను రెండు చేతులా పట్టుకుని, వంటింటి గట్టు మీద ఉత్తరం వైపు కొద్దిగా జరిపాను. అది ఉత్తరమేనని ముందు దిక్సూచితో చూసుకున్నాను.